వెనక వైపు

ఉదయం ఆరూ నలభైకి ప్రిస్కిల్లా అరుగు తుడిచి, చాప పరిచి, దారం ఉండని ఇత్తడి చెంబులో వేసింది. ఉండ నేల మీద దొర్లితే తెల్ల దారం మట్టి పట్టుకుంటుంది. చెంబులో అయితే ఎంత లాగినా ఉన్నచోటే తిరుగుతుంది. మొగల్తూరు దాటాక కాలవ గట్టు మీదున్న ఆ పేటలో ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళు దాదాపు అదే వేళకి అదే పనికి కూచుంటారు. ఆ రోజు 1997 ఫిబ్రవరి మూడు, సోమవారం.

లేసు పనిలో ఎవరి ముక్క వాళ్ళదే. పువ్వులు అల్లేవాళ్ళు ఎప్పటికీ పువ్వులే అల్లుతారు. దాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలిపేవాళ్ళది అతుకుపని. కలిపిన గుడ్డ నరసాపురంలో కంపెనీకి వెళ్తుంది, అక్కణ్ణించి ఓడెక్కుతుంది. ప్రిస్కిల్లా పదకొండో ఏట సూది పట్టింది. ఇప్పుడు ఇరవై మూడు. ఈ పన్నెండేళ్ళలో తను అల్లిన పువ్వులు ఎవరి బల్ల మీద పరిచారో, ఏ కిటికీకి కట్టారో ఆమెకి తెలీదు. ఒక్కసారైనా మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా ఒక బట్ట మొత్తం తనే అల్లాలని ఆమె పట్టుదల. ఈ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. పేటలో దాన్ని ప్రిస్కిల్లా పిచ్చి అనేవారు.

తండ్రి ఏసుపాదం ఆలోచన వేరు. భార్య పోయాక కూతుర్ని ఒక్కడే పెంచాడు. రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు. చెరువులకి తెల్లమచ్చ జబ్బు పట్టుకున్నాక రొయ్యలూ లేవు, కాపలా లేదు. లేసు పనీ పలచబడింది. యంత్రం లేసు వచ్చిన దగ్గర్నించీ కంపెనీ ఏడాదికి అయిదు నెలలు దారం పంపడమే మానేసింది. అప్పటికే పేటలో తొమ్మిదిమంది కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళారు. ప్రిస్కిల్లాకీ పాస్‌పోర్టు వచ్చింది. వీసా స్టాంపు కోసం దాన్ని బొంబాయి పంపించారు. ఆ పనులు చూసే బుజ్జిబాబు, ఇరవయ్యో తేదీన రాజమండ్రిలో బొంబాయి రైలెక్కాలని చెప్పి ఉన్నాడు.

తొమ్మిదిన్నరకి లేసు ఏజెంటు శాంతికుమార్ మోపెడ్ మీద వచ్చాడు. ఆ రోజు దారం పెట్టె తేలేదు. చొక్కా లోపల్నించి ఒక కాగితం తీశాడు.

"శనివారం కంపెనీకి ఒక దొరసానిగారొచ్చారు. ఫ్యాషన్ బట్టల షాపులున్నాయంట ఆవిడకి. ఇలాంటిది చెయ్యగలరా అని నిలబడే గీసేశారు. అవతల రైలు టైమైపోతోంది. రెండు నిమిషాలు పట్టలేదు," అన్నాడు.

పెన్సిల్ బొమ్మ. ఒక ఆడమనిషి నడుం పక్కకి వంచి, దాని మీద కుడి చెయ్యి వేసుకుని నిలబడింది. తల మీద వాలుగా టోపీ. ముఖంలో కళ్ళు లేవు. ముక్కుకో గీత, పెదాలకో గీత. మెడ నుంచి పాదాల దాకా గౌను. భుజాల దగ్గర గొలుసుకట్టులా సున్నాలు, నడుం దగ్గర నాలుగు ఏటవాలు గీతలు, కింద అంచు దగ్గర ఏదో కెలికినట్టు. ఆ కెలుకుడు వైపు చూపిస్తూ ఒక బాణం, బాణం పక్కన ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట.

ప్రిస్కిల్లా మేనత్త పాపాయమ్మ చేతిలో కాగితం పెట్టాడు శాంతికుమార్. పేటలో అతుకుపనికి ఆవిడే పెద్ద. కళ్ళజోడు పెట్టుకుని, దారం పోగుతో బొమ్మ తలని కొలిచి, ఆ కొలతతో కిందికి దిగింది.

"తలకి తొమ్మిదింతలుంది మనిషి. మనం ఏడుంటే గొప్ప. ఈవిడ గుమ్మంలోంచి ఎలా వస్తుందిరా?"

"ఫ్యాషన్ వాళ్ళు పొడుగ్గా ఉంటారు పిన్నీ."

"పొడుగంటే ఇదా? కొంగ నయం."

"పధ్నాలుగో తారీకు శుక్రవారానికి శాంపిల్ కావాలి. పాసైతే పేట మొత్తానికి ఆరు నెలలు పని. అవకపోతే మాత్రం దారం ఇక ఈ పేటకి రాదంట. కంపెనీ ఆయన ఖచ్చితంగా చెప్పేశారు."

"నేనల్లుతాను, మొత్తం," అంది ప్రిస్కిల్లా.

శాంతికుమార్ పాపాయమ్మ వైపు చూశాడు. పాపాయమ్మ కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది. "అల్లనీ. అతుకు దగ్గర నేనుంటాను," అంది.

మధ్యాహ్నం అన్నం తింటుండగా ప్రిస్కిల్లా తండ్రితో చెప్పింది. "ఇది పాసైతే నేను కువైట్ వెళ్ళను నాన్నా."

ఏసుపాదం ముద్ద కలుపుతూ ఆగాడు. "పాసైతే మానెయ్. అవకపోతే ఇంకో మాట మాట్లాడకుండా ఎక్కాలి."

"అలాగే."

"మీ అత్త సాక్షి."

"నన్ను మధ్యలోకి లాగకండర్రా," అని పాపాయమ్మ గోడ అవతల్నించి అంది. కాని విన్నట్టే లెక్క.

కాగితాన్ని అరుగు గోడకి రెండు మేకులు కొట్టి తగిలించారు. మంగళవారం పొద్దుటికి బొమ్మలో ఆవిడ చెయ్యి మార్చింది.

"నిన్న కుడి చెయ్యి కదూ నడుం మీదున్నది?" అంది ప్రిస్కిల్లా.

"ఒకే చెయ్యి ఎంతసేపని పెట్టుకుంటుంది? లాగేస్తుంది," అంది పాపాయమ్మ.

మధ్యాహ్నానికి ఆవిడ బరువు రెండో కాలి మీద వేసింది. సాయంత్రం టోపీ కాస్త వెనక్కి తోసుకుంది. కొలతలు తీసుకోబోయే సమయానికి కదులుతోందన్న విసుగు తప్ప పేటలో వాళ్ళకి ఆవిడతో వేరే పేచీ లేదు.

ఆ కదలడమే ప్రిస్కిల్లాకి పనికొచ్చింది. నడుం దగ్గరున్న నాలుగు గీతలు లేసు పట్టీ అని పాపాయమ్మ, కాదు వడ్డాణం లాంటిదని శాంతికుమార్ వాదించుకుంటున్నారు. ఆవిడ పక్కకి జరిగినప్పుడు భుజాల మీద సున్నాలు ఆవిడతో పాటే జరిగాయి. ఏటవాలు గీతలు మాత్రం ఉన్నచోటే గాలిలో ఉండిపోయాయి.

"ఆవిడతో పాటు వచ్చిందే లేసు. రానిది పెన్సిల్ తొందర," అంది ప్రిస్కిల్లా.

ఆ లెక్కన మెడ, భుజాలు, చేతుల చివర్లు తేలిపోయాయి. కింద అంచు తేలలేదు. ఆవిడ ఎంత కదిలినా పాదాలు రెండు అంగుళాల మేర దాటలేదు. బాణం పక్కనున్న మాట ఏంటో చూడమని బుధవారం శ్యామలాంబ టీచరుని పిలిచారు. మిషన్ స్కూల్లో నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి.

"ట్రైన్," అని చదివింది ఆవిడ.

"అది దొరసానిగారు తన రైలు సంగతి రాసుకున్నారండి. అప్పటికే లేటైంది," అన్నాడు శాంతికుమార్.

"రైలు సంగతి రాసుకుంటే టైము రాసుకుంటారు. బాణం వేసి గౌను అంచు మీద రాస్తారా?" అంది టీచరు. "మీరు ఎప్పుడూ అవే పువ్వులు, అవే నెమళ్ళు. ఆవిడ కొత్తది అడిగింది. నరసాపురం స్టేషన్లో రైలు చూసి ముచ్చటపడి ఉంటుంది. అంచు చుట్టూ రైలు బొమ్మ వెయ్యమంది, అంతే."

నలభై ఏళ్ళ టీచరు మాట. పైగా కెలికిన గీతల్లో పొగ ఉందంటే ఉన్నట్టే కనబడింది.

గురువారం నుంచి ప్రిస్కిల్లా రైలు అల్లింది. పాపాయమ్మ జీవితంలో అనాసపళ్ళు, ద్రాక్షగుత్తులు, హంసలు అతికింది గానీ రైలు అతకలేదు. ఇంజను, పొగగొట్టం, పొగకి వదులు ముళ్ళు. వెనక పదకొండు పెట్టెలు, పెట్టెకి నాలుగు కిటికీలు. పేటలో వాళ్ళు పని ఆపుకుని వచ్చి చూశారు. "జనరల్ పెట్టె ఏదే?" అని ఒకళ్ళడిగారు. "ఆడవాళ్ళ పెట్టె పెట్టావా లేదా?" అని ఇంకొకళ్ళు. శనివారం సాయంత్రానికి గౌను అంచు సగం చుట్టూ రైలు తిరిగింది. ఆదివారం సూది ముట్టరు. చర్చికి వెళ్తూ పాపాయమ్మ గోడ మీద ఆవిడ వైపు చూసి, "తల మీద టోపీ ఉంది, ఆరాధనకి పనికొస్తుంది," అంది.

పదో తేదీ సోమవారం పని ఆగిపోయింది. ముందు భాగం అయింది. వెనక భాగం ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. దొరసాని గీసింది ముందు వైపే. పాపాయమ్మ కాగితం తిప్పి చూసింది. అక్కడ కంపెనీ పేరు అచ్చేసి ఉంది.

"అమ్మగారూ, ఒక్కసారి అటు తిరగండి," అని ప్రిస్కిల్లా బొమ్మనే అడిగింది.

ఆవిడ కాలు మార్చింది. తిరగలేదు.

"నీకు చెప్పినా అర్థం కాదు," అంది పాపాయమ్మ. "ఫ్యాషన్ మనిషి. చూసేవాళ్ళుండగా ముఖం ఎందుకు తిప్పుకుంటుంది?"

ప్రిస్కిల్లా చేతిలో సూది కింద పెట్టింది. మధ్యాహ్నం రెండింటికి అరుగు మీద వాళ్ళందర్నీ ఇళ్ళకి పంపేసింది. పాపాయమ్మ గొణుక్కుంటూ లేచింది. ప్రిస్కిల్లా గోడ వైపు వీపు పెట్టి, కాలవ వైపు తిరిగి కూచుని, ఒళ్ళో దారం ఉండల మధ్య చేతి అద్దం నిలబెట్టుకుంది. అల్లుతున్నట్టు చేతులు ఆడిస్తూనే ఉంది.

ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. తరవాత అద్దంలో ఆవిడ టోపీ తీసింది. తల గోక్కుంది. అటూ ఇటూ చూసి, ఒళ్ళు విరుచుకుని, అటు తిరిగి కాగితం అవతలి మూలకి నడిచింది.

ప్రిస్కిల్లా మెడ తిప్పలేదు. మెడ వెనక నుంచి నడుం దాకా తెరిచి ఉంది, ఆరు ఉచ్చులు, ఆరు బొత్తాలు. నడుం కింద లేసు విచ్చుకుంది. పాదాలు దాటి, గౌను ఇంకా మూరన్నర పొడుగున నేల మీద పరుచుకుని ఆవిడ వెంట వచ్చింది, పడవ వెళ్ళాక కాలవలో నీళ్ళు విచ్చుకుంటూ పోయినట్టు. బాణం సరిగ్గా దాని మీద ఉంది. ముందు వైపు నుంచి చూస్తే కెలికినట్టు కనబడిన గీతలు ఆ పరుచుకున్న లేసు అంచులు.

ప్రిస్కిల్లా గోడ అవతలికి వెళ్ళి పాపాయమ్మని లేపింది. "రైలంటే రైలు కాదత్తా. వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది."

"రైలూ అంతేగా," అంది పాపాయమ్మ నిద్రమత్తులో.

"పదకొండు పెట్టెలూ తీసెయ్యాలి."

ఆ మాటకి పాపాయమ్మకి పూర్తిగా మెలకువొచ్చింది.

శాంతికుమార్‌కి కబురు పెట్టి కొత్త దారం అడిగారు. ఒకసారి అల్లి విప్పిన దారం ముడతలు దేరి శాంపిల్‌కి పనికిరాదు. అతను వచ్చి అంచు పట్టుకుని చూసి బాధపడ్డాడు.

"రైలు బ్రహ్మాండంగా ఉందండి. పేటంతా మెచ్చుకుంటున్నారు. ఉంచెయ్యకూడదా?"

"పేట మెచ్చుకుంటే పాసవదు. ఆవిడ వేసుకున్నది అది కాదు."

"ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి ప్రిస్కిల్లా."

"అందుకే దారం ఈ పూటే కావాలి."

ఏసుపాదం వాకిట్లో నిలబడి అంతా విన్నాడు. "మూడు రోజుల పని కోసేస్తున్నావు. అవకపోతే ఏం చేస్తావు?" అన్నాడు.

"అవుతుంది."

"అవకపోతే అంటున్నాను."

"అవకపోతే ఎక్కుతానన్నాను కదా నాన్నా. మాటైతే ఉంది."

ఆయన కాసేపటికి లోపలికి వెళ్ళి లాంతరు గ్లాసు తుడిచి, ఆమె పక్కన పెట్టి వెళ్ళాడు. ఆ వారం కరెంటు సాయంత్రాలు ఉండటం లేదు.

మంగళవారం శ్యామలాంబ టీచరు లావుపాటి నిఘంటువు చంకలో పెట్టుకుని వచ్చింది. అరుగు మీద కూచుని, వేలు పెట్టి చూపించింది. "నాలుగో అర్థం. గౌను వెనకాల నేల మీద ఈడ్చుకుంటూ వచ్చే భాగాన్నీ ట్రైన్ అనే అంటారంట. నలభై ఏళ్ళుగా పిల్లలకి ఒకటో అర్థమే చెప్పాను," అంది. తప్పు తనదే కాబట్టి ఆ రోజు వంట తను చేస్తానని లోపలికి వెళ్ళింది. పులుసులో ఉప్పెక్కువైంది. ప్రిస్కిల్లా గమనించకుండానే తిన్నది.

నేల మీద పరుచుకునే ఆ మూరన్నర మామూలు లేసు కాదు. దగ్గరగా అల్లితే బరువై వెనక్కి లాగుతుంది. వదులుగా అల్లితే నేల మీద ముడుచుకుపోతుంది. బుధవారం అల్లినది గురువారం పొద్దున్న సగం విప్పింది. అద్దం ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ రెండుసార్లు అటు తిరిగి కూచుంది. ఆవిడ నడిచినప్పుడు అంచు ఎక్కడ పైకి లేస్తోందో చూసి, అక్కడ పోగులు తగ్గించింది. అతుకు దగ్గర పాపాయమ్మ చెయ్యి వెయ్యబోయి, చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడ నలభై అయిదేళ్ళ పనిలో అలా తీసుకోవడం అదే మొదలు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి శాంతికుమార్ వచ్చాడు. గౌనుని పాత దుప్పటి మీద పరిచారు. ముప్ఫై ఒక్కమందిలో పాతికమంది పైగా వచ్చి నిలబడ్డారు. పువ్వులు కలిస్తే చివరికి ఏమవుతుందో వాళ్ళలో చాలామంది చూడటం అదే. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. గోడ మీంచి కాగితం తీసేసరికి ఆవిడ కుడి అంచున చతికిలబడి, చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని ఉంది. శాంతికుమార్ కాగితాన్ని అలాగే మడిచి, గౌనుతో పాటు అట్టపెట్టెలో పెట్టాడు. పెట్టె మద్రాసు మీదుగా విమానంలో వెళ్తుందన్నాడు.

పధ్నాలుగు నుంచి జవాబు కోసం చూశారు. పదిహేను, పదహారు, పదిహేడు. పద్దెనిమిదో తేదీన జవాబు రాలేదు గానీ బుజ్జిబాబు మనిషి వచ్చాడు. గురువారం పొద్దున్నే బయల్దేరాలి, ఒక్క పెట్టె, పదిహేను కేజీలు మించకూడదు.

ఏసుపాదం అటక మీంచి రేకుపెట్టె దింపాడు.

"జవాబు రాకుండా నేను ఎక్కను," అంది ప్రిస్కిల్లా.

"పాసవలేదు కదా."

"అవలేదని ఎవరూ చెప్పలేదు నాన్నా. పాసవకపోతే ఎక్కుతానన్నాను. తెలియకుండానే ఎక్కుతానని అనలేదు."

"టిక్కెట్టు తీసేశారే తల్లీ. అయిదుగురు వెళ్తున్నారు. ఆయన నీ కోసం ఆగుతాడా?"

"ఆగక్కర్లేదు."

ఏసుపాదం అక్క వైపు చూశాడు. పాపాయమ్మ సూది మీంచి కళ్ళెత్తలేదు. "సాక్షిని అన్నారు కాబట్టి చెప్తున్నాను. అది అన్నది అదే," అంది. "నువ్వు ఒప్పుకున్నదీ అదే."

ఆయన చాలాసేపు రేకుపెట్టె పక్కనే కూచున్నాడు. మాట తప్పడం ఆయనకి చేతకాదు. బుజ్జిబాబుకి అప్పటికే ఇచ్చిన మాట ఇంకొకటుంది. రెండిట్లో ఏది ముందుదో తేల్చుకోలేక, బుధవారం పొద్దున్న మొగల్తూరు వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి బుజ్జిబాబుకి ఫోన్ చేశాడు. తన నోరు పెగిలే లోపే బుజ్జిబాబు మాట్లాడాడు. బొంబాయి ఆఫీసులో ప్రిస్కిల్లా పాస్‌పోర్టు ఆపేశారు, కారణం చెప్పలేదు, మిగతా నలుగురూ వెళ్తారు, ఆమె తరవాతి జట్టులో చూద్దాం అన్నాడు. ఏసుపాదం ఇంటికొచ్చి రేకుపెట్టెని మళ్ళీ అటకెక్కించాడు.

ఇరవై నాలుగో తేదీ సోమవారం పదింటికి శాంతికుమార్ మోపెడ్ చప్పుడు ఎప్పటికంటే దూరం నుంచే వినబడింది. మోపెడ్ వెనక మూడు దారం పెట్టెలున్నాయి.

"పాసైంది," అన్నాడు దిగకుండానే. "దొరసానిగారు ఫ్యాక్స్ పంపారు. నాలుగొందల గౌన్లు. ఒకటి మాత్రం అడిగారు. తను వెనక వైపు గీయలేదు కదా, మీకెలా తెలిసింది అని. ఏం చెప్పమంటారు?"

"చూశామని చెప్పు," అంది పాపాయమ్మ.

ఏసుపాదం దారం పెట్టెలు దింపుతూ, కూతురి వైపు చూడకుండానే, "అయితే మానెయ్," అన్నాడు.

ఆ గౌన్లకి పువ్వులు ఎవరు, అంచు ఎవరు అని పంచుకునేటప్పుడు ప్రిస్కిల్లా అడ్డం పడింది. ఒక్కొక్కళ్ళు ఒక్కొక్క గౌను మొత్తం అల్లాలంది. ఆలస్యమవుతుందన్నాడు శాంతికుమార్. మొదటి వారమే అవుతుందంది. గంటసేపు గొడవపడ్డారు. చివరికి అతనే తగ్గాడు.

మార్చి ఒకటో తేదీ శనివారం పోస్ట్‌మాన్ రిజిస్టర్డు కవరు తెచ్చాడు. అందులో ప్రిస్కిల్లా పాస్‌పోర్టు, ఇంగ్లీషులో టైపు చేసిన ఒక చీటీ ఉన్నాయి. ఏసుపాదం ముందు పాస్‌పోర్టు తెరిచాడు. ఫోటోలో మనిషి అటు తిరిగి కూచుంది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి, జడ చూసి, "మనమ్మాయే," అన్నాడు. చీటీ శ్యామలాంబ టీచరు చదివి చెప్పింది. ముఖం కనబడటం లేదు కనుక కొత్త ఫోటోతో మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి. ఫిబ్రవరి పదో తేదీ మధ్యాహ్నం రెండు గంటల వరకూ ఈ ఫోటో సవ్యంగానే ఉన్నట్టు రిజిస్టరులో నమోదై ఉంది.